చువ్వకు గుచ్చిన చీటీ

“అట్లాంటి చీటీ ఏదీ లేదు సార్” అని నేను చెప్పినప్పుడు చెంచులక్ష్మి నా ముఖంలోకి చూడలేదు. తలుపు సందులోంచి, ఎదురుగా మందుల దుకాణం బల్ల మీద నిలబెట్టి ఉన్న ఇనుప చువ్వ వైపు చూసింది. ఆ చువ్వకు పది రోజుల చీటీలు గుచ్చి ఉన్నాయి. ఒక్కటి మాత్రం లేదు. అది నా చొక్కా జేబులో ఉంది.

ఆమె ఇంకొక్కసారి అడిగి ఉంటే నిజం చెప్పేసేవాణ్ణని చాలాకాలం నన్ను నేను ఊరడించుకున్నాను. ఆమె అడగలేదు. మెడలోని గుర్తింపు కార్డు తీసి శేషాద్రి గారి బల్ల మీద పెట్టింది. “నా గడియారం తీసుకొని పోతా సార్, అది మా నాయనది” అంది. లాబులోకి వెళ్ళి పాత అలారం గడియారాన్ని కొంగులో చుట్టుకొని, వరండాలో కూర్చున్న జనం మధ్య నుంచి బయటికి నడిచింది. పందొమ్మిదేళ్ళు పనిచేసిన ఆసుపత్రి నుంచి ఆమె తీసుకుపోయింది అదొక్కటే.

ఇది 2023 అక్టోబరులో జరిగింది. మార్కాపురంలో ముప్పై మంచాల ప్రైవేటు ఆసుపత్రి అది. పేరు రాయను. ఇప్పుడు ఆ పేరుతో లేదు కూడా. యజమాని శేషాద్రి గారు డాక్టరు కాదు, వ్యాపారస్తుల ఇంటి మనిషి. జీతానికి డాక్టర్లను పెట్టి నడిపించేవారు. కింద మందుల దుకాణం కూడా ఆయనదే. అందులో చీటీ చూసి మందు ఇచ్చేవాణ్ణి నేను. ఇంటరు మధ్యలో మానేసినవాణ్ణి, మందుల చదువు ఏదీ చదవనివాణ్ణి. పాత కాగితాల కొట్టులో కిలోల లెక్కన దొరికే పుస్తకాలు మాత్రం ఏది దొరికితే అది చదివేవాణ్ణి. లాబులో పనిచేసే చెంచులక్ష్మి దుకాణం వైపు వచ్చినప్పుడల్లా ఎగతాళి చేసేది.

“ఏంది ఏబేలూ, ఎప్పుడు చూసినా పుస్తకంలోనే తల పెట్టుకోనుంటావు. పరీక్ష ఏమన్నా పెడతారా?”

“లేదక్కా, ఊరికే.”

“ఊరికే చదివేదానికే ఇంత చదివితే, పరీక్ష పెడితే ఏమై పోతావో.”

పరీక్ష పెట్టారు. ఏమైపోయానో ఇక్కడ రాస్తున్నాను.

చెంచులక్ష్మిది అర్ధవీడు మండలంలో అడవి అంచున ఉన్న చిన్న ఊరు. నాయన చిన్నయ్యకు అరవై గొర్రెలు ఉండేవి. ఆ ఊళ్ళో వానలకు ముందు అందరూ కడుపులో పురుగులు చావడానికి మందకు నట్టల మందు పోసేవాళ్ళు. ఒక్కొక్క గొర్రెను పట్టుకోవడం, నోట్లో గొట్టం పెట్టడం, వదిలేయడం. గంటలో మంద మొత్తం అయిపోయేది. చిన్నయ్యకు మాత్రం పొద్దంతా పట్టేది. దొడ్డి వాకిట్లో కూర్చొని, గొర్రెను మోకాళ్ళ మధ్య ఇరికించుకొని, కింది కంటిరెప్పను బొటనవేలితో తిప్పి చూసేవాడు. లోపల ఎర్రగా ఉంటే వదిలేసేవాడు. పాలిపోయి ఉంటేనే మందు పోసేవాడు.

“చిన్నయ్యా, గొర్రెలకు కాటుక పెడతన్నావా?” అని పక్క దొడ్డి వాళ్ళు నవ్వేవాళ్ళట.

“ఎర్రగుండేదానికి గూడ పోస్తే పురుగుకు మందంటే బెదురు పోతాది. రేపు నిజంగా రోగమొచ్చినప్పుడు ఏం పోస్తావు, నీళ్ళా?” అనేవాడట ఆయన.

ఈ కథ ఆమె నాకు కనీసం పదిసార్లు చెప్పింది. చెప్పిన ప్రతిసారీ బొటనవేలితో తన కంటిరెప్పనే కిందికి లాగి చూపించేది.

పదో తరగతి అయ్యాక ఒంగోలులో చిన్నమ్మ ఇంట్లో ఉండి లాబు టెక్నీషియన్ కోర్సు చేసింది. పెళ్ళయింది. భర్త బేల్దారి పనికి హైదరాబాదు పోయి అక్కడే ఇంకో సంసారం పెట్టుకున్నాడు. దాని గురించి ఆమె మాట్లాడేది కాదు, మేమూ అడిగేవాళ్ళం కాదు. మార్కాపురంలో ఒక గది బాడుగకు తీసుకొని కూతుర్ని చదివించుకుంటూ ఉండేది.

పనిలో ఆమె తీరు వేరు. వేలి కొసన పొడవదు, పక్కన పొడుస్తుంది. కొసన పొడిస్తే పత్తి తీసేటప్పుడు, పాలు పిండేటప్పుడు నాలుగు రోజులు నొప్పి పెడుతుందని. పొడిచే ముందు చేతిని తన రెండు చేతుల మధ్య పెట్టుకొని వెచ్చబరిచేది. పరీక్ష స్ట్రిప్పు మీద రక్తం చుక్క వేసి, నాయన గడియారానికి అలారం పెట్టేది. సెల్‌ఫోను ఉంది కదా అంటే వినేది కాదు. “పదిహేను నిమిషాలంటే పదిహేను నిమిషాలే. ముందర చూస్తే అబద్ధం, ఆలస్యంగా చూస్తే పుకారు.” గీత పడితే వెంటనే రాసేది. గీత పడకపోతే మాత్రం స్ట్రిప్పును కిటికీ దగ్గరికి తీసుకుపోయి మళ్ళీ చూసేది. “ఉందని చెప్పేదానికి ఒకసారి చూస్తే చాలు. లేదని చెప్పాలంటే రెండుసార్లు చూడాల.”

2022లో, జిల్లాలు విడగొట్టిన ఏడు, ఆసుపత్రికి సీతారత్నం అనే కొత్త డాక్టరు వచ్చింది. చిన్న వయసు, నెమ్మదైన గొంతు. అంతకుముందు మా దగ్గర జ్వరానికి వైద్యం ఎట్లా ఉండేదంటే, మెట్ల మీద మనిషిని పట్టుకొని తీసుకువస్తుండగానే నా చేయి అర వైపు పోయేది. రెండు యాంటీబయాటిక్ సూదులు, ఒక సెలైన్ సీసా, గొట్టం. డాక్టరు చీటీ రాసేలోపే పొట్లం సిద్ధం. ఏ జ్వరమైనా అంతే.

డాక్టరమ్మ వచ్చాక అది మారింది. ముందు చుక్క రక్తం. మలేరియాకు, డెంగీకి స్ట్రిప్పులు. సి.ఆర్.పి. అని ఇంకొక పరీక్షకు అరచేతిలో పట్టే యంత్రం. ఒంట్లో బ్యాక్టీరియా గట్టిగా తగిలితే రక్తంలో ఒక పదార్థం పెరుగుతుందట, అది ఎంత పెరిగిందో ఆ యంత్రం కొద్ది నిమిషాల్లో అంకె వేసి చూపిస్తుంది. అంకె ఒక్కటే చూసి ఏమీ తేల్చరు. డాక్టరమ్మ రోగిని పరీక్షించి, అంకె తక్కువగా ఉండి, మనిషి తేరుకునే తీరుగా కనిపిస్తే యాంటీబయాటిక్ ఆపేది. మరుసటి రోజు మళ్ళీ పరీక్ష. అంకె పెరిగితే అప్పుడు మందు. వైరస్ జ్వరానికి ఆ సూదులు పనిచేయవని, ఊరికే పొడిస్తే అసలు అవసరం వచ్చిన రోజు పనికిరావని ఆమె చెబితే, చెంచులక్ష్మి ట్రే పట్టుకొని నిలబడి ముఖమంతా నవ్వుకుందట. “మా నాయన డాక్టరు చదవలేదు గానీ మేడమ్...” అని మొదలుపెట్టి గొర్రె కన్ను కథ ఆమెకూ చెప్పింది.

కానీ మా వైపు జనానికి సీసా అంటే మందు కాదు. మర్యాద. ఎవరికైనా బాగాలేదని తెలిస్తే ఊరినుంచి ఆటో మాట్లాడుకొని, రొట్టె ప్యాకెట్టు, కొబ్బరిబోండాలు పట్టుకొని పదిమంది వస్తారు. మంచం దగ్గరికి రాగానే మనిషి ముఖం కంటే ముందు మంచం పైన ఇనుప కడ్డీ వైపు చూస్తారు. అక్కడ సీసా వేలాడుతుంటే పట్టించుకున్నట్టు. లేకపోతే పట్టించుకోనట్టు. వెంకాయమ్మ అని కొమరోలు వైపు నుంచి వచ్చిన ఒక ముసలామె, తమ్ముడి మంచం దగ్గర నిలబడి వార్డంతా వినిపించేటట్టు అడిగింది:

“ఏందమ్మా ఇది, మనిషిని పండబెట్టినారు, పైన ఏమీ యాలాడదీయలేదే?”

“యాలాడదీసేదానికి ఇదేమన్నా పెండ్లి పందిరా పెద్దమ్మా?” అంది చెంచులక్ష్మి.

ముసలామె కూడా నవ్వింది. ఆ తమ్ముడు మూడో రోజు నడుచుకుంటూ ఇంటికి పోయాడు. అట్లా చాలామంది ఇళ్ళకు నడిచిపోయారు. నా అరలో రెండు రోజులకు ఖాళీ అయ్యే సూదుల పెట్టె వారం వచ్చేది. శేషాద్రి గారు వచ్చి పెట్టె చూసి, నా వైపు చూసి, ఏమీ అనకుండా పోయేవారు. డాక్టరమ్మ పేరుతో రోగులు వస్తున్నారు కాబట్టి ఆయన ఓర్చుకున్నారు.

2023 అక్టోబరులో డాక్టరమ్మకు పై చదువుకు సీటు వచ్చింది. ఆమె చివరి రోజు గురువారం. ఆ రోజు సాయంత్రం ఒక గొర్రెల కాపరిని తీసుకువచ్చారు. అరవై ఏళ్ళు ఉంటాయి. అతన్ని ఓబులయ్య అంటాను. అసలు పేరు అది కాదు. అతని కొడుకు పేరు గానీ ఊరు గానీ ఇక్కడ రాయను.

రెండు రోజుల జ్వరం, ఒళ్ళు నొప్పులు. చెంచులక్ష్మి చుక్క తీసింది. మలేరియా లేదు, డెంగీ లేదు, యంత్రం మీద అంకె తక్కువ. డాక్టరమ్మ గుండె, ఊపిరి చూసి చీటీ రాసింది. అది నా దగ్గరికే వచ్చింది. పారాసిటమాల్, నీళ్ళలో కలిపి తాగే ఉప్పు పొట్లాలు. కింద గీత గీసి: యాంటీబయాటిక్ ఇప్పుడు వద్దు, రేపు ఉదయం మళ్ళీ పరీక్ష. కింద సంతకం, తేదీ. మాత్రలు తీసి, చీటీ చువ్వకు గుచ్చాను. లోపలి రోగుల చీటీలు అట్లా చువ్వకే ఉండేవి.

ట్రే తీసుకొని కిందికి దిగబోతూ చెంచులక్ష్మి ఓబులయ్యతో మాట్లాడటం నేను విన్నాను. మాత్రలు ఇవ్వడానికి పైకి పోయి ఉన్నాను.

“మామా, మీ మందలో గొర్రె పండుకుంటే ముందర ఏం చేస్తావు?”

“కన్ను తిప్పి చూస్తా.”

“నీ కన్ను నేను చూసినా.”

“ఎర్రగుందా?”

“ఎర్రగానే ఉంది. డాక్టరమ్మ రేపు మళ్ళా చూడమంది. అంతదాకా నీళ్ళు తాగి పండుకో.”

“నువ్వు చిన్నయ్య కూతురివా?” అని లేచి కూర్చున్నాడు ఆయన. “అందుకే ఆ దొంగ ముఖం యాడనో చూసినట్టుందే అనుకుంటన్నా.”

కొడుకు మంచం పక్కనే నిలబడి ఉన్నాడు. అతను నవ్వలేదు.

డాక్టరమ్మ ఆ రాత్రి బస్సెక్కింది. కొత్త డాక్టరు మరుసటి సాయంత్రానికి గానీ రాలేదు. శుక్రవారం ఉదయం లాబు ముందు నలభై మంది వరుసలో ఉన్నారు, అందరూ జ్వరాలే. చెంచులక్ష్మి ఒక్కతే. పైకి పోవాలి, పైకి పోవాలి అని రెండుసార్లు ట్రే సర్దుకోవడం నేను చూశాను. వరుస తగ్గలేదు. పదకొండు గంటలకు ఓబులయ్య ఊరినుంచి బంధువులు రెండు ఆటోల్లో వచ్చారు. పైకి పోయి ఐదు నిమిషాల్లో కిందికి దిగారు. కొడుకు నా బల్ల ముందు నిలబడి అరిచాడు:

“మా నాయనకు ఒక సూది ల్యా, ఒక సీసా ల్యా! ఊరోళ్ళందరి ముందర ఉత్త మంచం మీద పండబెట్టినారు. గొర్రెలు కాసుకునేటోళ్ళమనే గదా? కోమట్లొస్తే ఇట్లనే పండబెడతారా?”

చీటీ నా చేతి పక్కనే చువ్వకు ఉంది. తీసి చదివి వినిపించి ఉండవచ్చు. “రేపు ఉదయం అంటే ఈ పొద్దే, ఒక్క గంట ఆగన్నా” అని ఉండవచ్చు. అతని మాటలో అబద్ధమూ లేదు. మా వైపు పేదవాడు ఆసుపత్రిలో ఎట్లా పడి ఉంటాడో చూసినవాణ్ణి, నాకూ అతని కోపం లోపల కొంచెం ఇష్టంగానే అనిపించింది. సీసా లేకపోవడమే మంచి వైద్యం అయిన ఒకే ఒక్కసారి, అతనికి అది పాత అవమానంలాగా కనబడింది.

తండ్రిని ఆటోలో ఎక్కించుకొని పోయాడు. ఒంటిగంట దాటాక చెంచులక్ష్మి ట్రేతో పైకి పోయి, ఖాళీ మంచం చూసి కిందికి వచ్చింది. “పొయినారా?” అని నన్నే అడిగింది. “పొయినారక్కా” అన్నాను. ట్రే పట్టుకొని మెట్ల మీద కొంచెంసేపు కూర్చుంది.

ఓబులయ్యకు వాళ్ళ ఊళ్ళో సూదులు వేసే ఒకతని దగ్గర మూడు రోజులు వేయించారు. రెండు రకాల యాంటీబయాటిక్‌లు, నొప్పులకు రోజుకు రెండు సూదులు, సీసాల మీద సీసాలు. మంగళవారం మళ్ళీ మా దగ్గరికి తెచ్చేసరికి ఓబులయ్యకు మూత్రం ఆగిపోయి ఉంది. ఒంగోలు తీసుకుపొమ్మన్నారు. పొదిలి దాటాక దారిలోనే పోయాడు. ఏది చంపిందో ఎవరూ తేల్చలేదు. నొప్పి సూదులే కిడ్నీలను తీశాయని కొత్త డాక్టరు మాతో అన్నాడు గానీ బయట అనలేదు. శుక్రవారం రెండో చుక్క తీసి ఉంటే ఏం కనబడేదో, అది ఇక ఎవరికీ తెలియదు.

ఆ మరుసటి ఆదివారం మూడు ఆటోల జనం వచ్చి వరండాలో కూర్చున్నారు. వాళ్ళ మాట ఒక్కటే: మందు అవసరం లేదని లాబులో ఉండే ఆడమనిషి చెప్పింది, దానివల్లే మనిషి పోయాడు.

వాళ్ళు రాకముందే, పొద్దున్నే, శేషాద్రి గారు దుకాణంలోకి వచ్చారు.

“ఏబేలూ, డాక్టరమ్మ పోయిన గురువారం చీటీలు తియ్యి.”

తీసి ఇచ్చాను. డాక్టరమ్మ చీటీ చదివారు. మడిచారు. ఆయన దాన్ని చించలేదు. చించితే తప్పు ఆయనది అయ్యేది. నా చేతిలో పెట్టి, “ఇది ఎవరి కంటా పడగూడదు. డాక్టరు రాసిందంటే ఆసుపత్రి మీదికి వస్తుంది. అమ్మాయి ఏదో నోరు జారిందంటే అంతటితో పోతుంది” అన్నారు. గడప దాటుతూ వెనక్కి తిరిగి, “నీకు సర్టిఫికెట్టు లేదు గదా, జనవరిలో డి.ఫార్మసీలో చేర్పిద్దాంలే” అన్నారు. ఆ మాటలో ఆశ ఉంది, బెదిరింపూ ఉంది. రెండూ నాకు అర్థమయ్యాయి. చదువుకున్నవాణ్ణి కదా.

శేషాద్రి గారి గదిలో పెద్దమనుషులు కూర్చున్నారు. కొడుకు గోడకు ఆనుకొని నిలబడ్డాడు. గుండు మీద ఇంకా చర్మం తెల్లగా ఉంది. చెంచులక్ష్మిని, నన్ను పిలిచారు.

“నేను సొంతంగా ఏం చెప్పలేదయ్యా” అంది ఆమె. “డాక్టరమ్మ చూసి రాసింది. మందు ఇప్పుడు వద్దు, రేపు మళ్ళా పరీక్ష అని. నేను అదే చెప్పినా.”

డాక్టరమ్మకు ఫోను చేసింది. ఆమె గొంతు గదిలో అందరికీ వినిపించింది. “అవును, నేనే రాశాను, చీటీ మెడికల్ షాపులో ఉంటుంది చూడండి” అంది. ఒక పెద్దమనిషి చేయి ఊపాడు. “ఫోన్లో ఎవరన్నా ఏమన్నా చెప్తారు. కాగితం సూపియ్యండి.”

మంచం దగ్గర ఉండే కేసు కాగితాలు శేషాద్రి గారి బీరువాలోకి పోయి అప్పటికే రెండు రోజులయింది. మిగిలింది చీటీ ఒక్కటే. శేషాద్రి గారు నా వైపు తిరిగి మెత్తగా అడిగారు. “ఏబేలూ, అట్లాంటిది ఏమన్నా ఉందా?”

నేనేమన్నానో మొదటి వాక్యంలోనే రాశాను. రెండుసార్లు చూడకుండానే చెప్పాను.

ఆమె పోయిన తరువాత ఊళ్ళో ఏ లాబూ ఆమెను తీసుకోలేదు. గిద్దలూరులో ఒకచోట పదిరోజులు చేసిందట, అక్కడికీ మాట పోయింది. ‘మందు వద్దన్నామె’ అని పేరు పడింది. రక్తం తీయడంలో ఆమె అంత చేయి తిరిగినవాళ్ళు ఈ పడమటి వైపు లేరు. పసిపిల్లల నరం కూడా ఒక్క పోటుకు దొరికేది. ఆ చేతితో ఆమె సొంత ఊరికి పోయి అన్న మందలో గొర్రెలు కాసింది. కూతురు చదువు మాత్రం మాన్పించలేదని విన్నాను.

ఆసుపత్రిలో ట్రే బీరువాలోకి పోయింది. స్ట్రిప్పుల గడువు తేదీ దాటితే నేనే చెత్తబుట్టలో పడేశాను. సీసాలు మళ్ళీ వేలాడాయి. జ్వరం అన్న మాట వినగానే నా చేయి మళ్ళీ అర వైపు పోవడం నేర్చుకుంది. జనవరి వచ్చింది, పోయింది. డి.ఫార్మసీ ఊసు ఎవరూ ఎత్తలేదు. ఇంకో ఏడాది అక్కడే ఉండి మానేశాను. ఇప్పుడు కొరియరు ఆఫీసులో పని. చీటీని ఒక పుస్తకంలో పెట్టాను. ఆ పుస్తకం మళ్ళీ తెరవలేదు. దాని పక్కన ఉన్న పుస్తకాలు కూడా చదవడం తగ్గింది.

2025 ఎండాకాలంలో మా అమ్మకు మూత్రంలో చీము పట్టింది. దుకాణంలో ఉన్నన్నాళ్ళూ ఇంట్లో ఎవరు దగ్గినా, ఎవరి ఒళ్ళు వెచ్చబడినా నేనే మాత్రలు తెచ్చి వేసేవాణ్ణి. రెండు రోజులు వేసి, తగ్గగానే ఆపేవాణ్ణి. ఒంగోలులో మూత్రం పరీక్షకు పంపితే, ఏ మందు పనిచేస్తుంది, ఏది చేయదు అని వరుసగా రాసిన కాగితం వచ్చింది. నేను ఇంటికి తెచ్చిన మాత్రల పేర్లన్నీ అందులో ఉన్నాయి. అన్నిటి ఎదురుగా ‘పనిచేయదు’ అన్న గుర్తే. చివరి రెండు సూదులకు మాత్రం లొంగుతుందని ఉంది. పది రోజులు ఆసుపత్రిలో ఉంచి వాటితోనే తగ్గించారు. అమ్మ మంచం పక్కన కూర్చొని ఆ కాగితం చదువుతుంటే చిన్నయ్య మాట వినిపించింది. పురుగుకు బెదురు పోయింది.

అమ్మ ఇంటికి వచ్చాక పుస్తకంలోంచి చీటీ తీశాను. కంభం పోయి, అక్కడినుంచి అర్ధవీడు బస్సెక్కాను. అర్ధవీడులో దిగి ఆమె ఊరికి ఆటోలో పోయాను.

ఊరి బయట దొడ్డి వాకిట్లో కూర్చొని ఉంది. గొర్రెను మోకాళ్ళ మధ్య పెట్టుకొని కంటిరెప్ప తిప్పి చూస్తోంది. తడికకు గడియారం వేలాడుతోంది. జుట్టు సగం నెరిసింది. నన్ను చూసి గొర్రెను వదల్లేదు.

“ఏబేలూ! ఏంది ఇంత చిక్కిపోయినావు? పుస్తకాలు తిండి పెట్టడం మానేసినాయా?”

“అమ్మకు బాగలేక...”

“ఇప్పుడెట్లుంది?”

చెప్పాను. కాగితంలో ఏముందో కూడా చెప్పాను. ఆమె తల ఊపుతూ వింది. “నీళ్ళు బాగా తాపు. మళ్ళా సొంతంగా ఏమీ మింగించొద్దు” అని, చెంబుతో మజ్జిగ తెప్పించింది. తాగాను. తాగాక జేబులోంచి చీటీ తీసి ఇచ్చాను.

ఆమె చేతులు కడుక్కొని, కొంగుకు తుడుచుకొని తీసుకుంది. చదివింది. వెనక్కి తిప్పి చూసింది. వెలుతురు వైపు తిరిగి మళ్ళీ చదివింది.

“ఎన్నాళ్ళ నుంచి ఉంది నీ కాడ?”

“మొదటినుంచీ అక్కా.”

“ఆ పొద్దు గదిలో నిలబడినప్పుడు?”

“జేబులో ఉండె.”

“నేను చువ్వ చూసినా” అంది. “జేబు చూడాలని తోచలా.”

గొర్రెలు అరుస్తున్నాయి. నేను దారిపొడుగునా తయారుచేసుకొని వచ్చిన మాటలు చెప్పాను. ఇప్పుడే పోదాం అక్కా, ఓబులయ్య కొడుకు ఊరు దగ్గరే గదా, పెద్దమనుషులను పిలిపించి అందరి ముందర చీటీ చూపిస్తా, అబద్ధం ఆడింది నేనని చెప్తా, నీ పేరు నీకు వస్తుంది, మళ్ళీ లాబులో చేరొచ్చు అన్నాను. ఆమె అడ్డుపడకుండా విన్నది.

“వాడు అప్పుడప్పుడు ఈ దావనే వస్తాడు మందతో” అంది. “నా గొర్రెలు నీళ్ళ తొట్టి కాడ ఉంటే వాడి గొర్రెలను తాగనియ్యడు. ఎండలో నిలబెడతాడు, నేను పోయిందాక. వచ్చి ఉమ్మేసి పోతాడు. మొదట్లో నేనూ తిట్టినా. ఇప్పుడు తొందరగా తోలుకోని పోతా, వాడి గొర్రెలు పాపం అని.”

“అందుకే అక్కా, చూపిద్దాం.”

“ఇందులో కడాకు ఏముందో చదువు.”

“యాంటీబయాటిక్ ఇప్పుడు వద్దు. రేపు ఉదయం మళ్ళీ పరీక్ష.”

“రేపు ఉదయం” అంది ఆమె. “ఆ రేపు ఉదయం నేను పైకి పోలా. వరుస ఉందని నిలబడిపోయినా. అది నా మీద ఉంటాది, ఎప్పటికీ ఉంటాది. కానీ వాడు ఆ పరీక్షదాకా గూడ నాయన్ను ఉంచలా. ఈ ఒక్క మాట వాడు చదివితే ఏమైతాడు? ఇప్పుడు తిట్టుకునేదానికి వాడికి నేనున్నా. ఇది చూపిస్తే ఎవర్ని తిట్టుకోవాల వాడు?”

ఆమె చీటీని పాత మడతల మీదే మడిచి, నా చొక్కా జేబులో తనే పెట్టింది. తరువాత గొర్రెను మళ్ళీ మోకాళ్ళ మధ్యకు లాక్కొని, నా వైపు చూడకుండా అంది:

“నీ కాడనే ఉండనీలే ఏబేలూ. దాచేది నీకు తెలిసిన పనేగదా.”